రెండోసారి రమ్మంటే ఎందుకు రావడం లేదు?

ప్రశ్న: ఛత్తీస్‌గఢ్‌లోని మద్దేడ్‌లో మితానిన్‌గా (ఊరి ఆరోగ్య కార్యకర్తగా) పనిచేస్తున్నాను. గర్భాశయ ముఖద్వార పరీక్షలో తేడా కనిపించినవాళ్లను బీజాపూర్ జిల్లా ఆసుపత్రికి వెళ్లమంటే వెళ్లడం లేదు. ఇది నిర్లక్ష్యమేనా?

జవాబు: నిర్లక్ష్యమని నేననుకోనమ్మా. ముందు ఏ నెలలో రమ్మన్నారో చూడండి. వేసవి మొదట్లో తెల్లారకముందే ఇప్పపువ్వు ఏరుకోవాలి, ఆ వెనకే తునికాకు. ఏడాదికి చేతిలో పడే నాలుగు రూకలు అప్పుడే. బస్సు ఖర్చు సరే, పిల్లల్ని ఎవరు చూస్తారు, తోడెవరొస్తారు?

వీటన్నిటికంటే పెద్దది భయం. 'తేడా ఉంది' అనగానే క్యాన్సర్ అనుకుని కుంగిపోతారు. నొప్పేమీ లేదు కదా అని మరికొందరు ఊరుకుంటారు. అత్త, భర్త ఎదుట కాకుండా పక్కకు పిలిచి వాళ్ల మాటలోనే చెప్పండి: వెనిగర్‌లాంటి మందు పూస్తే నిమిషంలో తెల్లమచ్చ కనిపించింది, మచ్చ కనబడిందంటే క్యాన్సర్ వచ్చిందని కాదు. ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ సోకాక అది క్యాన్సర్‌గా ముదరడానికి మామూలుగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. అయితే మచ్చ ఎప్పటిదో మనకు తెలియదు, కాబట్టి వాయిదా వద్దు. కలయిక తర్వాత గానీ, ముట్లుడిగాక గానీ రక్తం కనిపిస్తే వెంటనే పంపండి.

రెండోసారి రప్పించే అవసరమే తగ్గించవచ్చు. పరీక్ష చేసిన రోజే, తగినవారికి మచ్చను వేడితో మాడ్చేయవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాలు చెబుతున్నాయి. క్యాంపు పెట్టేముందే ఆ పరికరం తెస్తున్నారా అని డాక్టరుగారిని గట్టిగా అడగండి. లేదంటే నలుగురికీ ఒకే రోజు తేదీ ఇప్పించి, మీరే వెంట వెళ్లండి.