రుచి మందలోనే మొదలవుతుంది అబ్బీ

చిరంజీవి అబ్బికి పెద్దనాయన ఆశీర్వదించి రాయునది.  

నువ్వు పంపిన సాసేజీలు అందినాయి. పెనం మీద సన్న మంటన కాల్చుకొని తిన్నాం. ఉద్యోగం మానుకొని ఊరికి తిరిగొచ్చి మంద పెట్టుకున్నావు, సొంత పొట్టేలుతో ఇంత పని చేసినావు, అందుకు నాకు నిజంగా సంతోషంగా ఉంది. కాబట్టే ఉన్నదున్నట్టు చెబుతాను. లోపలి మాంసం గట్టిగా ఉంది, పొడిపొడిగా రాలిపోతోంది. మింగినాక కొవ్వు అంగిట్లో గడ్డకట్టి అంటుకుంటోంది. ముదురు పొట్టేలు కవురు ముక్కుకు తగులుతోంది. మసాలా పెంచితే పోతుందేమోనని ఫోన్లో అడిగినావు. పోదు అబ్బీ. కవురు ఉండేది కొవ్వులో. మసాలా నాలుక మీద కాసేపు నిలుస్తుంది, అది దిగిపోగానే కవురు మళ్ళీ పైకి తేలుతుంది.

విత్తులున్న పొట్టేలుకు ఆరేడు నెలలు దాటి ఈడొచ్చేకొద్దీ కొవ్వులో ఆ వాసన పట్టుకుంటుంది. నువ్వు కోసింది ఏడాదిన్నర పొట్టేలు, విత్తులు కొట్టించలేదు. నీ జోడిపి పిల్లల్ని ఆరు నెలల్లోపే కోసేటట్టయితే విత్తుల జోలికి పోవద్దు, వాటితోనే త్వరగా కండ పడతాయి. ఏడాది దాకా మేపాలనుకున్న వాటికి మాత్రం రెండు మూడు నెలల వయసులోనే పశువుల డాక్టరు చేత విత్తులు నొక్కించు. జోడిపి నెల్లూరు జాతిదే కాబట్టి ఒంటి మీద ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకే. తోలు తీసేటప్పుడు ఇది నీకు పెద్ద సాయం.

మేత సంగతికొస్తే, నువ్వు చివరిదాకా లూసర్ను, మార్కెట్లో మిగిలిన కాబేజీ ఆకు వేసినానన్నావు. పెరుగుదలకు లూసర్ను మంచిదే. కానీ కోతకు ముందు రోజుల్లో అదే మేపితే మాంసం వాసన ఘాటెక్కుతుంది, కాబేజీ ఆకుతోనూ అంతే. ఆఖరి రెండు మూడు వారాలు వేరుశనగ కట్టె, జొన్న చొప్ప పెట్టు, దాంతోపాటు కొంచెం మొక్కజొన్న నూక, ఉలవలు. నూక ఒక్కసారిగా ఎక్కువ పెడితే కడుపు పులిసి జీవాలు పడిపోతాయి, చారెడుతో మొదలుపెట్టి మెల్లగా పెంచు. నట్టల మందు తాపినా, సూది వేయించినా, సీసా మీద రాసిన గడువు రోజులు పూర్తిగా దాటేదాకా ఆ జీవాన్ని కోయొద్దు. ఇందులో రాజీ లేదు.

ఇక కోసే రోజు. నేను చూసినంతలో మంచి మాంసం ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. ముందు రాత్రి మేత ఆపాలి, నీళ్ళు ఆపకూడదు. పొట్టేలును ఒంటరిగా కట్టేస్తే రాత్రంతా అరుస్తుంది, పక్కన ఇంకొక జీవం ఉంటే నెమ్మదిగా పడుకుంటుంది. బండి మీద వేసి తిప్పడం, చెవి పట్టి ఈడ్చడం, పిల్లలు తరమడం, ఏదీ జరగకూడదు. జీవం బెదిరినా అలిసినా కండలో దాచుకున్న సత్తువ కోతకు ముందే ఖర్చయిపోతుంది. ఆ సత్తువే కోసిన తరవాత ఆమ్లంగా మారి మాంసాన్ని నిలవ ఉంచాలి. అది లేకపోతే మాంసం నల్లగా, జిగటగా ఉండి తొందరగా చెడుతుంది. అందుకే మన ఊళ్ళో జీవాల్ని కోసే ముల్లాసాబు అంటే నాకు గౌరవం. కత్తికి సాన సరిగ్గా ఉంటేగాని ఆయన జీవం మీద చెయ్యి వేయడు, దాని ముందు నూరడు.

తోలు తీసేటప్పుడు కాళ్ళ దగ్గరా పొట్ట మీదా గాటు పెట్టినాక కత్తి పక్కన పెట్టి పిడికిలితో తోయాలి. తోలుకూ కండకూ నడుమ పొరలోకి పిడికిలి దూర్చి వీపు వైపు నెట్టుకుంటూ పోతే తోలు శుభ్రంగా విడిపోతుంది. వెంట్రుక పట్టిన చెయ్యి మాంసాన్ని తాకకూడదు. ఒకరు బయటి పక్క తోలు లాగుతుంటే, లోపలి పక్క చెయ్యి ఇంకొకరిది కావాలి. వెంట్రుక కవురు ఈ చేతుల మీదుగా కూడా మాంసానికి అంటుతుంది. పిత్తం తిత్తి, ఉచ్చబుడ్డ చిట్లకుండా తియ్యి.

మాంసం గట్టిగా ఎందుకొచ్చిందో నీ ఉత్తరం చదివితే తెలిసింది. కోసిన గంటకే డీప్ ఫ్రీజర్‌లో పడేసినానని రాసినావు. కండ బిగుసుకోకముందే 10 డిగ్రీల కిందికి చల్లబడితే కుంచించుకుపోతుంది, ఎంత ఉడికించినా లొంగదు. గొర్రె కండ సన్నం కాబట్టి దానికి ఈ గండం ఎక్కువ. మన ఊళ్ళో కోసిన వెంటనే వండుతారు, బిగుసుకునే లోపలే కూర అయిపోతుంది, అందుకే ఈ జాగ్రత్త ఎవరికీ అవసరం పడలేదు. నువ్వు నిలవ పెట్టేవాడివి. ఈగ వాలని చల్లని గదిలో 12 నుంచి 15 డిగ్రీల మధ్య ఎనిమిది పది గంటలు వేలాడదీసి, ఆ తరవాతే ఫ్రిజ్‌లోకి మార్చు. సున్నా నుంచి నాలుగు డిగ్రీల మధ్య మూడు నాలుగు రోజులుంచితే మెత్తదనమూ రుచీ రెండూ వస్తాయి. మన ఎండల్లో ఆ గదికి ఏసీ లేకుండా కుదరదు. అది లేకపోతే చలికాలం తెల్లవారుజామున తప్ప కోత పెట్టుకోవద్దు.

తొడలు, చాపలు సాసేజీకి వాడొద్దు, వాటిని విడిగా అమ్ముకో. మెడ, జబ్బ, రొమ్ము సాసేజీకి సరైనవి. ఈతలు ఉడిగిన గొర్రె కూడా దీనికి బాగుంటుంది, దాని మాంసంలో రుచి ఎక్కువ. అయితే పైకొవ్వు చాలావరకు తీసెయ్యాలి. మూత్రపిండాల చుట్టూ ఉండే గట్టి కొవ్వు అసలు కలపొద్దు, మాకు అంగిట్లో అంటుకున్నది అదే. రొమ్ము దగ్గరి మెత్తకొవ్వు తీసుకో. మొత్తం తూకంలో కొవ్వు పావు వంతు ఉండాలి. తక్కువైతే ఎండిపోతుంది.

మాంసం, కొవ్వు, మిషను జాలీ, కత్తి, అన్నీ మంచు పట్టేంత చల్లగా ఉన్నప్పుడే రుబ్బు. జాలీలోంచి వచ్చేదాన్ని దగ్గరగా చూడు. ఎర్ర కండ మధ్య తెల్ల కొవ్వు గింజలు విడివిడిగా కనబడితే సరిగ్గా ఉన్నట్టు. గులాబీ రంగు పేస్టులా మెత్తగా కారుతుంటే కొవ్వు కరుగుతున్నట్టే, అప్పుడే ఆపి అన్నీ మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టు. కిలోకు 16 గ్రాముల ఉప్పు, అర గ్లాసు ఐసు నీళ్ళు పోసి చేత్తో గట్టిగా పిసుకు. రాగిసంగటి ముద్ద మాదిరి అరచేతికి అంటుకొని కింద పడకుండా నిలిచేదాకా పిసకాలి. నీది రాలిపోయింది ఈ పని చాలక. ఇంకొక కారణం పచ్చి అల్లం. అల్లానికి మాంసాన్ని కొరుక్కుతినే గుణముంది. కూరలో అది మేలు, రాత్రంతా నిలవుండే సాసేజీలో అదే చేటు. వెల్లుల్లి వేసుకో, అల్లం కావాలంటే శొంఠిపొడి చిటికెడు. మొరాకో, అల్జీరియా, ట్యునీషియా వైపు మెర్గెజ్ అని గొర్రె మాంసంతో సన్న సాసేజీ చేస్తారు. అందులో ఎండుమిరప, జీలకర్ర, వెల్లుల్లి ఉంటాయి. ఆ దారి మన నాలుకకు దగ్గర, గరం మసాలా దారి కాదు. పేగుల్లో కూరే ముందు చిన్న బిళ్ళ వేయించి రుచి చూడు. కూరినాక ఉప్పు సరిచేయడం కుదరదు.

పేగు సంగతి మీ పెద్దమ్మ బాగా చెప్పగలదు. బోటి కడగడం ఆమెకు తెలిసినంత నాకు తెలియదు. పేగును తిరగేసి, కత్తి వీపుతో లోపలి జిగురంతా గీకి, వెలుతురు కనబడే పలచటి పొర మిగిలేదాకా తోమాలి. తరవాత ఉప్పులో నిలవ పెట్టి, వాడే ముందు గోరువెచ్చని నీళ్ళలో అరగంట నానబెట్టాలి. సన్న పేగు ఒక్క గొర్రెకే 20 మీటర్లకు పైన వస్తుంది, కొనాల్సిన పనిలేదు.

పందికొవ్వు కలిపితే మెత్తగా వస్తుందని బెంగళూరులో ఎవరో చెప్పినారన్నావు. వస్తుంది. కానీ అది కలిపి, పైన గొర్రె సాసేజీ అని రాసి అమ్మితే నమ్మి కొన్న ముస్లిం ఇంటికి ద్రోహం చేసినట్టు. కలపనే కలపొద్దు.

హైదరాబాద్ చెంగిచెర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉంది. మాంసం పనిలో శిక్షణ ఇస్తారు. వచ్చే కోతకు ముందు అక్కడికి పోయి నేర్చుకొని రా, బస్సు ఖర్చు నేను పెట్టుకుంటాను. ఆహార భద్రత లైసెన్సు చేతికొచ్చేదాకా అమ్మకానికి బెంగళూరుకు ఒక్క ప్యాకెట్ కూడా పంపొద్దు.

ఇట్లు,
మీ పెద్దనాయన