వేరబుల్స్ కోర్సుకు లక్షలు కట్టేముందు

నోయిడా, గురుగ్రామ్‌ల నుంచి నా దగ్గరికి వచ్చే తెలుగు తల్లిదండ్రులు ఈమధ్య పట్టుకున్న పాట ఒకటే. "మావాణ్ని వేరబుల్ టెక్నాలజీలో వేద్దామనుకుంటున్నామండీ, ముందుముందు అంతా అదేనట." ఎవరన్నారంటే కోచింగ్ సెంటర్ వాళ్లన్నారంటారు. పిల్లాడు పక్క కుర్చీలో ఫోను చూసుకుంటూ ఉంటాడు. వాడి ఇష్టమేమిటో ఎవరూ అడగరు.

అవసరం నిజమే. హైటెన్షన్ లైన్ల వెంట, కడుతున్న ఎక్స్‌ప్రెస్‌వేల మీద ఒంటరిగా పనిచేసేవాళ్లకు గుండె వేగం చూసే పట్టీ, కిందపడితే కబురందించే అలారం ప్రాణాలు కాపాడగలవు. కానీ వాటిని తయారుచేసే ఉద్యోగాలు కొద్ది. సైటులో వాటిని సరిగ్గా పనిచేయించేవాళ్లే దొరకడం లేదు.

2024 మే 29న ఢిల్లీలోని ముంగేష్‌పూర్‌లో 52.9 డిగ్రీలు నమోదైందని దేశమంతా గగ్గోలు పెట్టింది. తర్వాత వాతావరణ శాఖ పరిశీలిస్తే సెన్సర్ 3 డిగ్రీలు ఎక్కువ చూపిందని తేలింది. కదలకుండా బిగించిన పరికరమే అలా చేస్తే, చెమటకు జారిపోయే మణికట్టు పట్టీ మాటేమిటి? అది రెండు రోజులు ఊరికే మోగిందంటే మూడో రోజు దాన్ని తీసి టిఫిన్ డబ్బా సంచిలో పడేస్తారు. చండీగఢ్‌లో పారిశుద్ధ్య కార్మికులకు జీపీఎస్ గడియారాలు ఇస్తే, మా మీద నిఘా పెట్టారంటూ వాళ్లు రోడ్డెక్కారు. ఇలాంటివి ఏ బ్రోచర్లోనూ ఉండవు.

ఒంటికి తగిలించుకునే గ్యాస్ డిటెక్టర్ సంగతే చూడండి. గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం ఉంటుంది, 19.5కి పడిపోతే అది మోగాలి. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు మించితే ముక్కుకు వాసనే తెలియదు, ఇక దిక్కు ఆ యంత్రమే. అందుకే షిఫ్టుకు ముందు కొలత తెలిసిన గ్యాస్ పట్టి, మోగుతుందో లేదో రోజూ చూడాలి. విసుగు పుట్టించే పనే, కానీ జీతం ఇచ్చేది దీనికే.

"నూరు శాతం ప్లేస్‌మెంట్, ఫీజు ఈఎంఐలో" అన్నచోట ఒకటే అడగండి: మీ సర్టిఫికెట్‌తో ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసర్‌గా చేరడానికి చట్టం ఒప్పుకుంటుందా? సూటిగా జవాబు రాకపోతే లేచి వచ్చేయండి. సందుకొకటిగా వెలిసిన ఫైర్ అండ్ సేఫ్టీ డిప్లొమాలదీ ఇదే కథ. నెబోష్ అనే సేఫ్టీ సర్టిఫికెట్‌కు గల్ఫ్‌లో గిరాకీ ఉంది, ఇక్కడ మాత్రం అదొక్కటే సరిపోదు. అప్పుచేసి మూడు సర్టిఫికెట్లు పోగేసి, ఒక్క రోజూ సైటు మెట్లెక్కని కుర్రాళ్లను చూస్తే నాకు కోపం వాళ్లమీద రాదు, అటు తోసినవాళ్లమీద వస్తుంది.

నన్నడిగితే ఎలక్ట్రానిక్స్ లేదా ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో డిప్లొమా గానీ డిగ్రీ గానీ చేసి, కొన్నేళ్లు ఎండలో పనిచేసి, ఆ తర్వాత ఫరీదాబాద్ రీజినల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇండస్ట్రియల్ సేఫ్టీ అడ్వాన్స్‌డ్ డిప్లొమా చేయమంటాను. కేంద్ర కార్మిక శాఖ కిందిది, మీ ఇంటికి దగ్గర్లోనే ఉంది. అర్హతలు ఆ ఏటి ప్రకటనలో చూసుకోండి. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ ప్రకారం 250 మంది పనిచేసే నిర్మాణ స్థలంలోనూ సేఫ్టీ ఆఫీసర్ ఉండాలి, అంతకుముందు 500 మంది ఉంటేనే.

ఎండ పడని పిల్లాణ్ని మాత్రం ఇటు తోయకండి. కోడింగ్ వస్తే, అలారాల డేటా చదివి ఏది ఉత్తుత్తిదో తేల్చే పని ఆఫీసులో కూర్చునే చేసుకోవచ్చు. దానికైనా నెలకోసారి సైటుకు వెళ్లక తప్పదని ముందే చెప్పండి.