బరువు తగ్గడానికి తోడెందుకు?

మా అవ్వ "చిక్కిపోయావే" అని బాధతో అంటుంది. సెలవులకి ఇంటికి పోతే గడపలోనే ఆ మాట అని, వెంటనే నెయ్యి గిన్నె తీస్తుంది. హాస్టల్లో అదే మాట ఎవరైనా అంటే మాకు రోజంతా సంతోషం. "ఒళ్లు చేశావు" అన్నది అవ్వకి మెప్పు, మాకు తిట్టు. అర్థవిపరిణామం పాఠంలో మేడమ్ అడిగితే దీని మీద ఒక పేజీ రాయొచ్చు. ఇక్కడ మాత్రం పోయిన ఏడాది మేము ఏడుగురం కలిసి బరువు తగ్గాలని మొదలుపెట్టి ఏం నేర్చుకున్నామో చెప్తాను.

ముందు లెక్క. బరువు కిలోలను ఎత్తు మీటర్లతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె బి.ఎం.ఐ. మన దేశంలో డాక్టర్లు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అంటారు. పాశ్చాత్యులకి ఈ హద్దులు 25, 30. మనవాళ్లకి తక్కువ బరువులోనే పొట్ట చుట్టూ కొవ్వు చేరి షుగర్ వచ్చే ప్రమాదం ఎక్కువ కాబట్టి ఈ తేడా. నా ఎత్తు 156 సెంటీమీటర్లు, అప్పటి బరువు 68 కిలోలు. లెక్క వేస్తే దాదాపు 28. ఇంట్లో అమ్మకీ పెద్దమ్మకీ షుగర్ ఉంది. అద్దం చూసుకున్నప్పుడు లేని భయం ఆ అంకె చూసి పట్టుకుంది.

రెండు నెలల్లో 56కి రావాలనుకున్నాను. అదే మొదటి తప్పు. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలుంటాయి. రోజుకి 500 తగ్గించుకుంటే వారానికి అర కిలో చొప్పున పన్నెండు కిలోలకి ఆరు నెలలు కావాలి. బరువు తగ్గేకొద్దీ ఒంటికి కావాల్సిన తిండీ తగ్గుతుంది కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే పడుతుంది. ఉన్న బరువులో నూటికి 5 నుంచి 10 వంతులు తగ్గినా షుగర్, బి.పి.ల విషయంలో మేలే. అంటే నాకు మూడున్నర కిలోలు మొదటి మజిలీ కావాల్సింది.

రెండో తప్పు కూడా నాదే. బీరువా తలుపు వెనక చార్టు అంటించి ఏడు పేర్లు రాశాను. ప్రతి ఆదివారం తూకం మిషను ఎక్కాలి, అంకె రాయాలి, ఎక్కువ తగ్గినవాళ్లకి చప్పట్లు. మొదటి వారం అందరికీ కిలో, కిలోన్నర తగ్గింది. ఎగిరి గంతులేశాం. తిండి తగ్గగానే ఒంట్లో నిల్వ ఉన్న గ్లైకోజన్, దాంతో పాటు ఉండే నీళ్లు ముందు పోతాయని, అదంతా కొవ్వు కాదని మాకేం తెలుసు? మూడో వారానికి అంకెలు ఆగిపోయాయి. ఒకమ్మాయికి పెరిగింది కూడా. నెలసరి ముందు నీరు చేరి కొందరికి కిలో దాకా పెరగడం మామూలే. కానీ ఆరోజు ఎవరో నవ్వారు. నేను కూడా నవ్వాననుకుంటా. ఆ అమ్మాయి మూడు రోజులు టిఫినూ, రాత్రి అన్నమూ మానేసి, నాలుగో రోజు మెట్ల మీద కళ్లు తిరిగి కూలబడింది. తర్వాత ఆదివారాలు మా రూముకి రాలేదు. చార్టులో ఆమె పేరు పక్కన గళ్లు ఖాళీగా ఉండిపోయాయి.

ఆ రోజుల్లోనే జీన్ నైడిచ్ గురించి చదివాను. ఆమె న్యూయార్కు క్వీన్స్‌లో గృహిణి. 1961లో ఆమె బరువు 97 కిలోలు. సూపర్ మార్కెట్లో తెలిసినావిడ ఎదురై కాన్పు ఎప్పుడని అడిగింది. ఆమె గర్భిణి కాదు. నగర ఆరోగ్యశాఖ ఉచిత క్లినిక్‌కి పోయి ఆహార పట్టిక తెచ్చుకుంది. పట్టిక మంచిదే, కానీ దొంగచాటుగా చాక్లెట్ బిస్కెట్లు తింటున్న సంగతి అక్కడ చెప్పుకోలేకపోయింది. చివరికి ఆరుగురు స్నేహితురాళ్లను ఇంటికి పిలిచి వాళ్ల ముందు ఒప్పుకుంది. వాళ్లూ తమ దొంగతిండ్లు బయటపెట్టారు. వారం వారం కలిశారు. 1962 అక్టోబరుకి ఆమె 64 కిలోలకి వచ్చింది. 1963లో వెయిట్ వాచర్స్ సంస్థ పుట్టింది. (1978లో దాన్ని కొనుక్కున్నది టమాటా సాస్ చేసే హైంజ్ కంపెనీ! అది చదివి నవ్వొచ్చింది.)

నాకు ఆ బిస్కెట్ల దగ్గర తట్టింది. మా చార్టులో కిలోలున్నాయి గానీ బిస్కెట్లు లేవు. ఏం తిన్నామో, ఎందుకు తిన్నామో ఎవరం చెప్పుకోవడం లేదు.

చార్టు చించేశాను. తూకం ఎవరికి వాళ్లు వారానికొకసారి పరగడుపున చూసుకోవాలి, పైకి చెప్పక్కర్లేదు. ఆదివారం కూర్చున్నప్పుడు ఒకటే ప్రశ్న: ఈ వారం ఎక్కడ జారాం? మొదట నేనే చెప్పాను. పరీక్ష పాడైన సాయంత్రం బండి దగ్గర ఒక్కదాన్నే నిలబడి ప్లేటు ఉగ్గాని, నాలుగు బజ్జీలు తిని, మళ్లీ మెస్సులో ఏమీ ఎరగనట్టు అన్నం తిన్నానని. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకమ్మాయి దిండు కింది కర్జికాయల డబ్బా తెచ్చి మధ్యలో పెట్టింది.

ఉపాయాలు ఆ మాటల్లోంచే వచ్చాయి. బళ్లారిలో ఉండి ఉగ్గాని మానడం అయ్యే పని కాదు. ఇద్దరం పోయి ఒక ప్లేటు పంచుకుంటాం. మెస్సులో మారు అన్నానికి ముందు పప్పు, ఆకుకూర వడ్డించుకుంటాం. జొన్నరొట్టె మంచిదని నాలుగు తింటే లాభం లేదు. రోజుకి అరగంట చొప్పున వారానికి ఐదు రోజులు నడక. ఈ 150 నిమిషాల లెక్క అమెరికాలో షుగర్ అంచున ఉన్నవాళ్ల మీద చేసిన ఒక పెద్ద అధ్యయనంలోనూ ఉంది. నడకతో, తిండి మార్పుతో 7 శాతం బరువు తగ్గాలని పెట్టుకున్నవాళ్లలో షుగర్ రావడం 58 శాతం తగ్గిందని 2002లో తేల్చారు. పొద్దున ఐదున్నరకి తలుపు కొట్టే మనిషి లేకపోతే నేను రెండో రోజే దుప్పటి ముసుగు పెట్టేదాన్ని.

ఎనిమిది నెలల్లో నాకు ఐదు కిలోలు తగ్గింది. ఇద్దరికి ఏమీ తగ్గలేదు. వాళ్లలో ఒకరికి పరీక్ష చేయిస్తే థైరాయిడ్ అని తేలింది, మందులు వాడుతోంది. కాబట్టి ఎంత చేసినా కదలకపోతే మనసును తిట్టుకోకుండా డాక్టరును అడగండి. బి.ఎం.ఐ. 18.5 కన్నా తక్కువున్న జూనియర్ ఒకామె చేరతానంటే నడకకి మాత్రం రమ్మన్నాం.

మెట్ల మీద కూలబడిన అమ్మాయి దగ్గరికి పోయి తప్పయిందని చెప్పడానికి నాకు నెల పట్టింది. "తూకం మిషను కనపడితే రాను" అంది. దాన్ని నా మంచం కిందికి తోసేశాను. ఇప్పుడు కోట గుట్ట వైపు నడిచేటప్పుడు అందరికన్నా ముందుండేది ఆమే. ఎంత తగ్గిందో నాకు తెలీదు. అడగలేదు.