వారానికొక్క సూదిమందు: ఇంటిలో పాటించవలసిన పద్ధతి

ఆమవాతమని మనము పిలిచే కీళ్ళ వ్యాధికి నేటి అల్లోపతి వైద్యులు ఎక్కువగా వ్రాసే ఔషధం మెథోట్రెక్సేట్. సోరియాసిస్ అనే చర్మవ్యాధికి కూడ దీనిని వాడతారు. మాత్ర మ్రింగితే వికారం పెట్టేవారికి, మాత్రతో చాలినంత గుణం కనిపించనివారికి ఇదే మందును చర్మము క్రింద సూదిగా ఇస్తారు. మాత్ర అయినా, సూది అయినా వారానికి ఒక్కసారే. ప్రతి వారము ఆసుపత్రికి వెళ్ళిరావడం ప్రయాస కనుక, రోగికి పద్ధతి నేర్పి ఇంటివద్దనే వేసుకొమ్మంటున్నారు.

నేను మహబూబ్‌నగర్‌లో ఆయుర్వేద వైద్యం చేస్తున్నాను. కల్వకుర్తి, అచ్చంపేట, దేవరకొండ వైపుల నుండి కషాయం కోసం వచ్చే కీళ్ళ రోగులలో పలువురు అప్పటికే ఈ సూది వేసుకుంటున్నవారే. సూది మానవచ్చునా, మన మందులు కలిపి వాడవచ్చునా అని వారు అడుగుతుంటారు. అందరికీ ఉపయోగపడుతుందని ఆ సమాధానాలను ఇక్కడ పాఠంగా వ్రాస్తున్నాను.

ఈ ఔషధం పుట్టుక

ఈ మందుకు, తెలుగువారికి దగ్గర సంబంధం ఉన్నది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించి, ఆ పిమ్మట అమెరికా వెళ్ళారు. అక్కడ లెడర్లీ ప్రయోగశాలలో వారి నాయకత్వాన పనిచేసిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఫోలిక్ ఆమ్లపు పనిని అడ్డగించే పదార్థాలు కూడ అక్కడే రూపొందాయి. మెథోట్రెక్సేట్ వాటిలో ఒకటి. మొదట కాన్సరు వ్యాధులకు వాడిన ఈ మందును చిన్న మోతాదులో కీళ్ళవాతానికి వాడేందుకు అమెరికా ప్రభుత్వం 1988లో అనుమతించింది.

దీని పని తీరు తెలిస్తే జాగ్రత్తలు వాటంతట అవే బోధపడతాయి. వేగంగా పుట్టి పెరిగే కణాలకు ఫోలిక్ ఆమ్లం అవసరం. ఎముకల లోపలి మజ్జ, నోటి లోపలి పొర, ప్రేగుల పొర అటువంటివి. మందు మోతాదు మించితే మొట్టమొదట దెబ్బతినేవి ఇవే. అందుకే డాక్టర్లు సూది లేని రోజులలో ఫోలిక్ ఆమ్లం మాత్ర వేసుకొమ్మంటారు. ఆ మాత్ర చిన్నదని నిర్లక్ష్యం చేయరాదు.

రోజు మందు కాదు, వారం మందు

కీళ్ళవాతంలో దీని మోతాదు సాధారణంగా వారానికి 7.5 మిల్లీగ్రాముల నుండి 25 మిల్లీగ్రాముల వరకు ఉంటుంది. అదే మందును ప్రతిదినం వాడితే ప్రాణాపాయం. ఔషధానికి మాత్ర, కాలము రెండూ ముఖ్యమని చరకుడు బోధించినది ఈ మందుకు అక్షరాలా వర్తిస్తుంది.

కనుక వారములో ఒక రోజును నిర్ణయించుకొనవలెను. ఉపవాసముండే రోజు, ప్రయాణాలు ఎక్కువగా ఉండే రోజు కాకుండా చూచుకొనవలెను. గోడ క్యాలెండరులో ఆ రోజులన్నిటికీ ముందే గుర్తు పెట్టి, సూది వేసుకున్న వెంటనే తేదీని, మోతాదును ఒక నోటు పుస్తకంలో వ్రాయవలెను. ఇంటిలో మరొకరికి కూడ ఈ లెక్క తెలిసి ఉండవలెను.

ఒక వారం మరచిపోయి రెండు రోజులలోపు గుర్తుకు వస్తే అప్పుడు వేసుకొనవచ్చును. అంతకంటె ఆలస్యమైతే ఆ వారం వదలివేసి, మామూలు రోజుననే వేసుకొనవలెను. తప్పిన దానికి బదులుగా రెండు మోతాదులు ఒకేసారి ఎన్నడూ వేసుకొనరాదు. ఈ మందు గుణం కనబడడానికి ఆరు నుండి పన్నెండు వారాలు పడుతుంది. నొప్పి తగ్గలేదని మధ్యలో మరొక సూది వేసుకుంటే త్వరగా తగ్గదు, విషమవుతుంది.

నోటిపూతను వేడి అనుకోరాదు

మన ప్రాంతంలో నోరు పూస్తే వేడి చేసిందంటారు. సబ్జా నీళ్ళు, మజ్జిగ, నెయ్యి మొదలైనవి ఇస్తారు. మామూలు మనిషికి ఇవి మంచివే. వారం సూది వేసుకునే మనిషికి మాత్రం నోటిపూత మొదటి ప్రమాద సూచన.

ఒక విశ్రాంత ఉపాధ్యాయుని భార్యను కొన్నేళ్ళ క్రితం చలువ కషాయం కోసం నా వద్దకు తీసుకువచ్చారు. నాలుక, పెదవులు పుండ్లు పడి అన్నం తినలేని స్థితి. పది రోజులుగా ఇంటిలో చలువ చేసే పదార్థాలు ఇస్తున్నారు. ఆమె చేతులపై దెబ్బ తగలకనే కమిలిన మచ్చలు కనిపించాయి. మందుల చీటీ అడిగి చూచాను. గురువారం ఒక్క సూది అని వ్రాసి ఉన్నది. కాని సూది వేసే వ్యక్తి, నొప్పి త్వరగా తగ్గుతుందని, ఆదివారం కూడ వేస్తూ వచ్చాడట. కషాయం ఇవ్వక ఆనాడే హైదరాబాదుకు పంపాను. రక్తంలో తెల్లకణాలు బాగా పడిపోయినట్లు పరీక్షలో తేలింది. దీనికి విరుగుడైన ఫోలినిక్ ఆమ్లం సూదులు ఇచ్చి, రెండు వారాలు ఆసుపత్రిలో ఉంచి బ్రతికించారు. మరి నాలుగు రోజులు చలువ కోసం వేచి ఉంటే ఏమయ్యేదో చెప్పలేము.

కనుక నోటిపూత, జ్వరము, తగ్గని పొడి దగ్గు లేక ఆయాసము, కారణం లేని కమిలిన మచ్చలు, కండ్లు పచ్చబడడం, ఎడతెగని వాంతులు విరేచనాలు, వీటిలో ఏది కనిపించినా తరువాతి సూది ఆపి ఆనాడే డాక్టరును కలువవలెను. ఇంటిలో ఎవరికైనా ఆటలమ్మ పోసినా ఆ సంగతి డాక్టరుకు చెప్పవలెను. ఈ మందు వాడేవారికి ఆ వ్యాధి తీవ్రంగా రావచ్చును.

మోతాదు కొలుచుట

మందు ముందే నింపిన సిరంజి దొరికితే అదే మేలు. కొలత పొరపాటుకు తావుండదు. సీసా నుండి తీయవలసి వస్తే ఒక చిక్కు ఉన్నది. మన మందుల షాపులలో ఇన్సులిన్ సిరంజిలు రెండు రకాలు. ఎర్ర మూత దానిలో 40 గీతలు ఒక మిల్లీలీటరు. నారింజ రంగు మూత దానిలో 100 గీతలు ఒక మిల్లీలీటరు. మిల్లీలీటరుకు 25 మిల్లీగ్రాముల మందున్న సీసా నుండి 10 మిల్లీగ్రాములు కావలెనంటే 0.4 మిల్లీలీటరు తీయవలెను. అది నారింజ మూత సిరంజిలో 40 గీతలు, ఎర్ర మూత దానిలో 16 గీతలు. ఎర్ర మూత దానిలో 40 గీతలు తీస్తే 25 మిల్లీగ్రాములు పోతాయి, అనగా రెండున్నర రెట్లు. సీసాల గాఢత కూడ అన్నిటికీ ఒకటి కాదు. అందుచేత ఏ సీసా, ఏ సిరంజి, ఎన్ని మిల్లీలీటర్లు అన్నది డాక్టరు చేత కాగితంపై వ్రాయించుకొని, ప్రతిసారి అదే రకం కొనవలెను.

సూది వేసుకొను విధానము

మొదటి ఒకటి రెండు సార్లు ఆసుపత్రిలో నర్సు ఎదుట వేసుకొని నేర్చుకొనవలెను. తరువాత ఇంటిలో క్రమం ఇది.

1. చేతులు సబ్బుతో కడుగుకొని, పెట్టెపై పేరు, మోతాదు, గడువు తేదీ చదువవలెను. మందు పసుపు రంగులో తేటగా ఉండవలెను. మడ్డి ఉంటే వాడరాదు.

2. బొడ్డుకు రెండంగుళాల దూరంలో పొట్టపై గాని, తొడ ముందు భాగాన గాని చోటు ఎంచుకొనవలెను. ప్రతి వారం చోటు మార్చవలెను. మచ్చలు, పుండ్లు, సోరియాసిస్ పొలుసులు ఉన్న చోట వేయరాదు.

3. స్పిరిట్ దూదితో తుడిచి, పూర్తిగా ఆరనివ్వవలెను. చర్మాన్ని రెండు వ్రేళ్ళతో మడతగా పట్టి పొట్టి సూదిని నిలువుగా గ్రుచ్చవలెను. బక్కపలుచని వారు కొంచెం ఏటవాలుగా గ్రుచ్చవలెను.

4. మందును నెమ్మదిగా ఎక్కించి, పది లెక్కపెట్టి సూది తీయవలెను. పొడి దూది అద్దితే చాలును. రుద్దరాదు, కాపడం పెట్టరాదు, పసుపు గాని నూనె గాని పూయరాదు.

5. వాడిన సూదికి మూత తిరిగి పెట్టరాదు. గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, నిండిన తరువాత మూతకు టేపు అంటించి ఆసుపత్రిలో ఇవ్వవలెను. చెత్తబుట్టలో వేస్తే మునిసిపాలిటీ పనివారి చేతులకు గ్రుచ్చుకుంటుంది.

మందు చర్మంపై ఒలికితే సబ్బు నీటితో బాగా కడుగవలెను. ఇంటిలోని గర్భిణులు ఈ మందును ముట్టుకొనరాదు. ఇది గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది. సంతానం కోరే భార్యాభర్తలు ముందుగానే డాక్టరుతో మాట్లాడవలెను.

మన మందులు ఎంతవరకు

ఆమవాతానికి ఇసుక కాపడం శాస్త్రోక్తం. సూది వేసిన చోటు విడిచి, కీళ్ళకు నిరభ్యంతరంగా పెట్టుకొనవచ్చును. వంటలో అల్లం, మిరియాల చారు వికారానికి హితం.

ఆముదం సంగతి వేరు. పాలమూరు, నల్లగొండ మెట్ట చేలలో పండే ఈ గింజ నూనె ఆమవాతానికి ప్రసిద్ధ ఔషధమే. కాని విరేచనాలై శరీరంలో నీరు తగ్గితే, మూత్రపిండాల ద్వారా పోవలసిన మెథోట్రెక్సేట్ రక్తంలో నిలిచిపోతుంది. ఈ సూది వాడేవారు ఆముదంతో విరేచనం చేసుకొనరాదని నేను చెబుతాను. తిప్పతీగ వాడినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్నదని ముంబయి వైద్యులు 2021లో ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ దానితో ఏకీభవించలేదు. ఆ వాదం ఎట్లున్నా, కాలేయంపై భారం వేసే సూదితో పాటు తిప్పతీగను నేను ఇవ్వను. పేరు లేని పొడులు, పసరు మందులు అసలే కూడవు. కల్లు సహా మద్యం మానవలెను. సెప్ట్రాన్ వంటి సల్ఫా మాత్రలు ఈ మందుతో కలిస్తే మజ్జను దెబ్బతీస్తాయి. ఏ డాక్టరు వద్దకు వెళ్ళినా, ఆర్.ఎం.పి. వద్దకు వెళ్ళినా ‘నేను వారం సూది వేసుకుంటున్నాను’ అని ముందుగా చెప్పవలెను. నొప్పి మాత్రలు కూడ డాక్టరును అడుగక మ్రింగరాదు.

ఎండకాలము, నీరు

నల్లగొండలో కీళ్ళ నొప్పి అనగానే ఫ్లోరైడు నీటిని తలచుకోవడం సహజం. ఫ్లోరోసిస్‌లో ఎముకలు, వెన్ను బిగుసుకుపోతాయి. ఆమవాతంలో వ్రేళ్ళ కణుపులు, మణికట్లు వాచి, ఉదయాన గంటకు పైగా పట్టేసి ఉంటాయి. రెండవ లక్షణాలున్నవారు నీటిని నిందిస్తూ కాలం గడుపక పరీక్ష చేయించుకొనవలెను. హైదరాబాదు నిమ్స్‌లో కీళ్ళ వ్యాధులకు ప్రత్యేక విభాగం ఉన్నది.

ఈ సూదిమందును సాధారణంగా 25 డిగ్రీలు మించని చోట, వెలుతురు తగలకుండ ఉంచమంటారు. మే నెలలో మన ఇండ్లలో ఆ చల్లదనం ఉండదు. కనుక నెలల కొద్దీ కొని నిలువ చేయక, పెట్టెపై వ్రాసినది చదివి, ఎక్కడ ఉంచవలెనో ఫార్మసిస్టును అడుగవలెను. మంచుగడ్డ కట్టే అరలో పెట్టరాదు. మధుమేహానికి వారానికొకసారి వేసే సెమాగ్లుటైడ్ వంటి సూదులకు నియమం వేరు. వాటిని వాడకం మొదలు పెట్టే వరకు ఫ్రిజ్‌లో 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉంచవలెను. ఒక మందు నియమాన్ని మరొక దానికి పాటించరాదు. ఎండకాలంలో నీరు సమృద్ధిగా త్రాగవలెను. వడదెబ్బ తగిలినా, విరేచనాలైనా డాక్టరును అడుగకుండ ఆ వారం సూది వేసుకొనరాదు.

రక్తకణాలు, కాలేయము, మూత్రపిండాల పరీక్షలు మొదట రెండు నుండి నాలుగు వారాలకొకసారి, కుదుటపడిన తరువాత రెండు మూడు నెలలకొకసారి చేయించవలెను. బాగున్నాము కదా అని పరీక్షలు మానరాదు. నొప్పి తగ్గినదని సూదిని తమంతట తాము మానరాదు. నా వద్దకు వచ్చేవారిని సూది వ్రాసే నోటు పుస్తకం, చివరి రక్తపరీక్ష కాగితం తెమ్మంటాను. అవి చూచిన తరువాతనే కషాయం సంగతి. మీరు ఏ వైద్యుని వద్దకు వెళ్ళినా ఆ రెండింటినీ వెంట తీసుకుపొండి.