అద్దం బోర్లించు

పలాస

చిన్నీ,

మీ అమ్మ ఫోన్లో ఒకటే గోల. విశాఖ హాస్టల్లో చేరాక అద్దం ముందు నుంచి కదలడం లేదట, మొటిమల్ని గిల్లి గిల్లి బుగ్గల నిండా మచ్చలు చేసుకున్నావట, పైగా ఎవరో ఇచ్చిన తెల్లబడే క్రీము రాస్తున్నావట. తిట్టడానికి రాయడం లేదే తల్లీ. ఏఎన్ఎమ్‌గా ఉద్దానం ఊళ్లన్నీ తిరిగినదాన్ని కాబట్టి చర్మం సంగతి నాలుగు ముక్కలు చెప్తాను, విను.

ముందు ఆ అద్దం బోర్లించు. పెద్దవి చేసి చూపించే మేకప్ అద్దమైతే ఎవరికైనా ఇచ్చెయ్. అందులో చూశాక కన్ను ఊరుకున్నా గోరు ఊరుకోదు. రోజుకి ఒక్కసారి, స్నానం వేళ, చేతులు సబ్బుతో కడుక్కుని కళ్లు మూసుకో. వేళ్ల కొసలతో నుదుటి నుంచి గడ్డం దాకా మెల్లగా తడుముకో. ఎక్కడ జిడ్డుగా ఉందో, ఎక్కడ గరుకు తేలిందో, ఎక్కడ నొక్కితే సలుపుతోందో తెలిసిపోతుంది. సలుపున్న చోటు వదిలెయ్. సున్నిపిండైనా సబ్బైనా పామాలి గానీ తోమకూడదు. కాళ్లూ చేతులూ గరుగ్గా తగిలితే తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె రాసుకో. ముఖానికి మాత్రం వద్దు. మన తోటల కొబ్బరే అయినా మొటిమలున్న చర్మానికి పడదు. మొటిమలు అప్పటికీ తగ్గకపోతే అడగాల్సింది చర్మం డాక్టర్ని, స్నేహితురాలిని కాదు.

కాశీబుగ్గలో మీ పెద్దమ్మ జీడిపప్పు పొర తీయడం చిన్నప్పుడు చూశావు కదా. పక్కవాళ్లతో కబుర్లాడుతూనే ఉండేది, బొటనవేలు మాత్రం పప్పు మీద ఆడేది. పొర ఎండి వదిలిందో లేదో ఆ వేలికే తెలిసేది. వదలనిదాన్ని గోరుతో గీకితే గుండు కాస్తా బద్ద అవుతుంది, ధర పడిపోతుంది. అందుకని అలాంటివి పక్కన పెట్టేసేది. పండని మొటిమ దగ్గర నీ వేలికీ ఆ మాత్రం ఓపిక ఉండాలి. జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల కష్టం వేరు. తొక్కలోని రసం చేతుల్ని కాల్చి, నల్లబరిచి, పొరలు లేపేస్తుంది. పనిలోకి దిగే ముందు చేతులకి నూనో బూడిదో పట్టించుకునేది అందుకే.

కళ్లు మూసుకోమన్నానని నవ్వుతున్నావేటి? కుష్ఠు సర్వేలో మా పరీక్ష అదే. ఒంటి మీద పాలిపోయిన మచ్చ కనబడితే ఆ మనిషిని కళ్లు మూసుకోమనేవాళ్లం. మచ్చ మీదా, పక్కనున్న మంచి చర్మం మీదా పెన్ను కొసతో తేలిగ్గా తాకి, తాకిన చోట వేలు పెట్టమనేవాళ్లం. మచ్చ మీద తాకినప్పుడు వేలు కదల్లేదంటే అనుమానించాల్సిందే. ఆ మచ్చని వాళ్లు రోజూ చూసుకుంటున్నవాళ్లే, ఎండకి వచ్చిందిలే అనుకున్నవాళ్లే. దేశంలో కుష్ఠు 2005 చివరికి అదుపులోకి వచ్చిందని ప్రకటించారు గానీ కేసులు ఇంకా వస్తూనే ఉన్నాయి. మందు ఉచితం, పూర్తిగా నయమవుతుంది.

ఇక ఆ క్రీము. 2023లో కేరళలోని మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో కిడ్నీ దెబ్బతిని వచ్చినవాళ్లని డాక్టర్లు ఆరా తీస్తే, చాలామంది తెల్లబడే క్రీములు రాసుకుంటున్నవాళ్లే అని తేలింది. ఆ క్రీముల్లో ఉన్నది పాదరసం. చర్మంలోంచి లోపలికి దిగి కిడ్నీలో వడపోసే పొరని పాడుచేస్తుంది, ఒంట్లో ఉండాల్సిన ప్రొటీను మూత్రంలో పోతుంది. క్రీము మానేశాక చాలామంది కోలుకున్నారు. మన దేశంలో అందం క్రీముల్లో పాదరసం కలపకూడదని నిబంధన ఉంది. ఉన్నా ఊరూ పేరూ లేని డబ్బాలు అమ్ముడవుతూనే ఉన్నాయి.

మన ఉద్దానంలో కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ఎటు వెళ్లినా డయాలసిస్ మాట వినిపించని వీధి లేదు. ఈ కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇంకా తేలనే లేదు. దాని కోసమే 2023 డిసెంబరులో పలాసలో పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి తెరిచారు. కారణం తెలియని కిడ్నీ జబ్బుతో ఊళ్లకి ఊళ్లు అల్లాడుతుంటే, కారణం తెలిసినదాన్ని నువ్వు డబ్బిచ్చి కొని ముఖానికి రాసుకుంటావేటే?

నీ కిడ్నీల సంగతి తెలియాలంటే, ఈ రాత్రి పడుకునే ముందు మోకాలి కింద, ముందువైపు ఎముక మీద బొటనవేలితో కాసేపు గట్టిగా నొక్కి వదులు. తర్వాత ఆ చోటు తడిమి చూడు. గుంట పడి అలాగే ఉన్నా, మూత్రం నురగ కడుతున్నా మర్నాడే ఆస్పత్రికి వెళ్లు. గుంట పడకపోయినా ఒకసారి మూత్రంలో ప్రొటీను, రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించుకుని రిపోర్టు నాకు పంపు. క్రీము మాత్రం ఇవాళే ఆపెయ్. డబ్బా పారెయ్యకు, డాక్టరుకి చూపించాలి. సంక్రాంతికి వచ్చేటప్పుడు సంచిలో అడుగున పెట్టి తీసుకురా. డబ్బా దాచి తెచ్చిన సంగతి మీ అమ్మకి నేను చెప్పనులే.

నీ మేనత్త