బేయీజియన్ పద్ధతి: అంచనా, ఆపై సవరణ

థామస్ బేయస్ ఇంగ్లండ్‌లో క్రైస్తవ మత బోధకుడు. 1761లో మరణించారు. ఆయన వ్యాసాన్ని మిత్రుడు రిచర్డ్ ప్రైస్ 1763లో వెలుగులోకి తెచ్చారు. ఆ వ్యాసమే ఈ పద్ధతికి మూలం. ముందున్న అంచనా పూర్వ సంభావ్యత. కొత్త సమాచారంతో సవరిస్తే వచ్చేది ఉత్తర సంభావ్యత.

లెక్క చూద్దాం. 1,000 మంది రుణగ్రహీతల్లో 20 మంది ఎగవేసేవారనుకోండి. బ్యాంకు హెచ్చరిక విధానం వారిలో 90 శాతాన్ని, అంటే 18 మందిని పట్టుకుంటుంది. సక్రమంగా కట్టే 980 మందిలోనూ 10 శాతాన్ని, అంటే 98 మందిని అనుమానిస్తుంది. మొత్తం అనుమానితులు 116. వారిలో ఒకరు నిజంగా ఎగవేసే అవకాశం 18/116, దాదాపు 15.5 శాతమే! ఇదే ఉత్తర సంభావ్యత; తొందరపడితే 90 శాతం అనుకుంటాం.

ఆర్థికశాస్త్రంలో ఆర్నాల్డ్ జెల్నర్ 1971 గ్రంథం ఈ పద్ధతికి పునాది. అసలు ఉపయోగం స్థూల ఆర్థిక అంచనాల్లో తెలిసింది. 6 చలరాశులు, గత 4 త్రైమాసికాల విలువలు తీసుకుంటే ఒక్కో సమీకరణానికి స్థిరాంకంతో కలిపి 25 గుణకాలు, మొత్తం 150. ముప్పై ఏళ్ల గణాంకాలున్నా ఒక్కో చలరాశికి 120 విలువలే. ఇంత తక్కువ సమాచారంతో అన్ని గుణకాలను నమ్మకంగా అంచనా వేయడం కష్టం. అందుకే రాబర్ట్ లిటర్‌మన్, క్రిస్టఫర్ సిమ్స్ తదితరులు 'మిన్నెసోటా ప్రయర్' అనే పూర్వ అంచనాను రూపొందించారు: ఆధారం బలంగా లేనంతవరకు ప్రతి చలరాశీ తన గత విలువ దగ్గరే ఉంటుందని దాని ఊహ. సిమ్స్‌కు 2011లో థామస్ సార్జెంట్‌తో కలిసి ఆర్థిక నోబెల్ దక్కింది. అయితే అది స్థూల ఆర్థిక వ్యవస్థలో కార్యకారణ సంబంధాల పరిశోధనకు.