కోటకొమ్మ అంచుతో పటం కడదాం

పెళ్ళిళ్ళలోనో, పండుగలప్పుడో గద్వాల చీర మీరంతా చూసే వుంటారు. చీర ఒంటి భాగం నూలు. అంచూ, కొంగూ పట్టు, జరీ. అగ్గిపెట్టెలో పట్టేంత పలచన అని దానికో పేరు. ఈసారి ఎక్కడైనా కనిపిస్తే అంచును కాస్త దగ్గరగా చూడండి. అంచు నుంచి చీర లోపలికి వరుసగా గుడి గోపురాల్లాంటి మొనలు పొడుచుకు వచ్చి వుంటాయి. నేతగాళ్ళు దాన్ని కోటకొమ్మ అంటారు. గద్వాల, రాజోలి, అయిజలలోనూ, వనపర్తి జిల్లా అమరచింతలోనూ ఈ నేత పని వుంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అనే మూడు జిల్లాలూ 2016 అక్టోబరు 11న మహబూబ్‌నగర్ జిల్లా నుంచి విడివడినవే.

ఆ అంచునే ఒక ఫొటో చుట్టూ అలంకారంగా కట్టాలనుకుందాం. గాజూ, మేకులూ, కర్ర చట్రమూ అక్కర్లేదు. కంప్యూటరూ, బొమ్మలు దిద్దే సాఫ్టువేరూ చాలు. ఇక్కడ గింప్ అనే సాఫ్టువేరు వాడదాం. 1995లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయ విద్యార్థులు స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్ దీన్ని మొదలుపెట్టారు. దీనికి పైసా చెల్లించనక్కర్లేదు.

మగ్గం మీద నిలువుగా సాగే పోగులు పడుగు, అడ్డంగా పడే పోగులు పేక. పడుగూ పేకా కలిసే ప్రతి చోటా ఒక చిన్న చుక్క ఏర్పడుతుంది. అక్కడ ఏ పోగు పైకి కనబడితే చుక్కకి ఆ రంగు. గోపురం వాలు గీతలా కనబడుతుంది గాని, నిజానికి అది మెట్లు మెట్లుగా పేర్చిన చుక్కలే. అందుకే నేత డిజైనును ముందు గ్రాఫు కాగితం మీద గళ్ళు నింపి వేస్తారు. కంప్యూటరు తెర మీది బొమ్మా అంతే. దాని చుక్క పేరు పిక్సెల్. ఒక్కో పిక్సెల్‌కి ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంతో చెప్పే మూడు సంఖ్యలుంటాయి. ఒక్కోటి 0 నుంచి 255 దాకా.

చీర అంచును ఫొటో తీసి వాడుకుంటే పోదా అంటారా? తీయవచ్చు. కాని కెమెరా ఏ మాత్రం వాలినా అంచు ఒకవైపు సన్నబడుతుంది. ఫొటోను చిన్నది చేసేటప్పుడు, పోగుల వరుసలూ పిక్సెళ్ళ వరుసలూ సరిగ్గా పొసగక, గుడ్డ మీద లేని అలలు బొమ్మలో పుట్టుకొస్తాయి. నేతగాడిలా గళ్ళు నింపడమే మేలు. పైగా అప్పుడు డిజైను మీదవుతుంది. మరొకరు కష్టపడి కల్పించిన కొత్త అంచును వాడుకోదలిస్తే వాళ్ళని అడగాలి కదా!

ముందు లెక్క చూసుకుందాం. 6 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పు వున్న ఫొటోను అంగుళానికి 300 పిక్సెళ్ళ చొప్పున అచ్చు వేయాలంటే బొమ్మ 1800 × 1200 పిక్సెళ్ళు వుండాలి. ఒక గోపురం 130 పిక్సెళ్ళ వెడల్పు అనుకోండి. 1800లో 13 గోపురాలు పోగా 110 మిగులుతుంది. 1200లో 9 పోగా 30 మిగులుతుంది. పై అంచు చివర దాదాపు నిండు గోపురం, పక్క అంచు చివర పావు ముక్క! మూలలో రెండూ ఎలా కలుస్తాయి? సాగదీసి సరిపెడదామంటే రెండు అంచుల్లో గోపురాలు రెండు రకాలవుతాయి. మరి 1800నీ, 1200నీ రెండింటినీ శేషం లేకుండా భాగించే సంఖ్య కావాలి. వీటి గ.సా.భా. 600. దాని కారణాంకాల్లో 120 మనకి అనువైనది: పొడవునా 15 గోపురాలు, వెడల్పునా 10. గ.సా.భా. దేనికి పనికొస్తుందని తరగతిలో విసుక్కునేవాళ్ళకి ఇదొక జవాబు.

ఇక గోపురం. గింప్‌లో 24 పిక్సెళ్ళ వెడల్పు, 30 పిక్సెళ్ళ ఎత్తు గల కొత్త బొమ్మ తెరవండి. తెరను బాగా పెద్దది చేసుకుంటే గళ్ళు విడివిడిగా కనబడతాయి. పెన్సిల్ పనిముట్టు ఎంచుకోండి; బ్రష్ వద్దు, దాని అంచులు మసకగా వుంటాయి. పై 18 వరుసలూ అంచు పట్టీ. అందులో జరీ గీతలు, చుక్కలు, పువ్వులు మీ ఇష్టం. ఎడమ సగమూ కుడి సగమూ ఒకేలా వుంటే చాలు. కింది 12 వరుసల్లో గోపురం కిందికి మొన తిరిగి వస్తుంది: మొదటి వరుసలో 24 గళ్ళు, తర్వాత 22, 20, అలా తగ్గుతూ చివరికి 2. మిగిలిన గళ్ళకి చీర ఒంటి రంగు వేయండి.

దీన్ని ఇమేజ్ మెనూలోని స్కేల్ ఇమేజ్‌తో అయిదు రెట్లు, అంటే 120 × 150కి పెంచండి. అక్కడ ఇంటర్‌పొలేషన్ అన్నచోట నన్ అని పెట్టడం మరవకండి. లేకపోతే కంప్యూటరు రెండు రంగుల మధ్య లేని రంగులు కల్పించి మెట్లన్నీ అలికేస్తుంది. తర్వాత ఫిల్టర్స్‌లో మ్యాప్, అందులో టైల్ తీసుకుని 1800 × 150 అని ఇస్తే 15 గోపురాల పట్టీ వస్తుంది. 1200 × 150 అని ఇస్తే 10 గోపురాలది. ఈ రెండోదాన్ని అపసవ్య దిశలో 90 డిగ్రీలు తిప్పితే ఎడమ అంచు తయారు. దాన్ని తిరగేసిన ప్రతి కుడి అంచు. మొదటిదాన్ని తలకిందులు చేసిన ప్రతి కింది అంచు.

ఇప్పుడు 1800 × 1200 బొమ్మ తెరిచి నాలుగింటినీ నాలుగు పొరలుగా, అంటే లేయర్లుగా, అమర్చండి. మూలల్లో పట్టీలు ఒకదానిమీద ఒకటి పడతాయి. వడ్రంగి పటం కట్టేటప్పుడు ఏం చేస్తాడు? రెండు బద్దలనీ 45 డిగ్రీల కోణంలో కోసి అంటిస్తాడు. మనమూ అలాగే కోస్తే సరి అనిపిస్తుంది. కోసి చూడండి. మూలలో ఐమూలగా వెంట్రుకంత సన్నటి గీత ఒకటి కనబడవచ్చు. తెర మీద అంతగా తెలియదు. ముదురు అంచు కింద తెల్లటి ఆకాశం వున్న ఫొటో పెట్టి అచ్చు వేస్తే పట్టిస్తుంది. కోత సరిగ్గానే వుంది కదా, ఈ గీత ఎక్కడిది?

రంగుల మూడు సంఖ్యలు కాక, పిక్సెల్‌కి నాలుగో సంఖ్య కూడా వుండవచ్చు. దాని పేరు ఆల్ఫా. పిక్సెల్ ఎంత మేర కింది పొరను కప్పుతుందో అది చెబుతుంది. ఆల్ఫా 0 అయితే పిక్సెల్ పూర్తిగా గాజు. 255 అయితే గోడ. సగం అయితే పై రంగులో సగం, కింది రంగులో సగం కలుస్తాయి. పై పొర ఎరుపు విలువ 200, కింది పొరది 40 అనుకుంటే, కనిపించేది 100 + 20 = 120. పొరలను ఇలా కలిపే లెక్కలన్నిటినీ థామస్ పోర్టర్, టామ్ డఫ్ అనే ఇద్దరు 1984లో ఒక పరిశోధన పత్రంలో క్రమబద్ధం చేశారు.

ఐమూల కోత మీద వున్న పిక్సెల్ సగమే పట్టీకి చెందుతుంది. అందుకని, అంచు గరుకుగా కనబడకుండా సాఫ్టువేరు దాని ఆల్ఫాను సగం చేస్తుంది. మొదటి పట్టీ ఆ పిక్సెల్‌లో ఫొటోను సగం కప్పింది. ఇంకా సగం కనబడుతోంది. రెండో పట్టీ వచ్చి ఆ సగంలో సగాన్ని కప్పింది. మిగిలిందెంత? పావు! సగమూ సగమూ కలిస్తే ఒకటి కావాలి గాని, ఇక్కడ ముప్పావే అయింది. ఆ పావు వంతు ఆకాశమే మన గీత.

దీనికి ఉపాయం గద్వాల మగ్గం మీదే వుంది. అంచుకి రెండు పక్కలా రెండు నాడెలు, ఒంటికి ఒకటి, మొత్తం మూడు నాడెలు నడుస్తాయి. ప్రతి వరుసలోనూ ఒంటి నూలు పేకనీ, అంచు పట్టు పేకనీ ఒకదానిలో ఒకటి మెలివేసి వెనక్కి తిప్పుతారు. ఈ పద్ధతిని కుప్పడం అంటారు. రెండు పోగులూ పక్కపక్కన ఆగిపోతే మధ్యన చీలిక మిగిలేది. ఒకదాని హద్దులోకి ఒకటి వెళ్ళి రావడం వల్లే నూలూ పట్టూ కలిసి నిలుస్తున్నాయి.

మనమూ హద్దు దాటనిద్దాం. పై పట్టీనీ, కింది పట్టీనీ కోయకండి. మూలల దాకా నిండుగా వుంచి అడుగు పొరలుగా పెట్టండి. పక్క పట్టీలను వాటిమీద పెట్టి, వాటిని మాత్రమే కోయండి. ఫ్రీ సెలెక్ట్ పనిముట్టుతో ఎడమ పట్టీ పై చివర (0, 0), (150, 0), (150, 150) బిందువుల త్రిభుజాన్ని ఎంచుకోండి. ముందుగా లేయర్ మెనూలో ట్రాన్స్‌పరెన్సీ కింద యాడ్ ఆల్ఫా ఛానెల్ నొక్కి వుంటేనే, డిలీట్ నొక్కినప్పుడు ఆ భాగం గాజులా మారుతుంది. తక్కిన మూడు మూలలూ ఇంతే. ఇప్పుడు కోత మీది సగం పిక్సెల్ కింద ఫొటో లేదు, నిండు పట్టీ వుంది. గీత మాయం.

గోపురం బదులు నెమలి వేస్తానంటే వేయండి. కాని నెమలికి కుడి ఎడమలు ఒకటి కావు గనుక, ఊరికే తిప్పితే ఒక మూలలో నెమళ్ళు ఎదురెదురుగానూ, మరో మూలలో ఒకదాని వెనక ఒకటిగానూ నిలబడతాయి. పట్టీ మధ్య నుంచి రెండో సగాన్ని అద్దంలోలా తిరగేయాల్సి వుంటుంది.

పని మధ్యలో సేవ్ చేస్తే పొరలన్నీ గింప్ సొంత ఫైలులో పదిలంగా వుంటాయి. పూర్తయిన చట్రాన్ని మాత్రం పీఎన్‌జీ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేయండి. జేపెగ్ ఫైలుకి ఆల్ఫా తెలియదు. నడిమి కిటికీని ఏదో ఒక రంగుతో పూడ్చేస్తుంది. కిటికీ కొలత 1500 × 900. సోమశిల దగ్గర కృష్ణ ఒడ్డుదో, ఇప్పుడు పాలిటెక్నిక్ నడుస్తున్న వనపర్తి రాజభవనానిదో మీరు తీసిన ఫొటోను ఆ కొలతకి తగ్గించి అన్నిటికన్నా అడుగు పొరలో పెట్టండి. అచ్చుకి ఇచ్చేముందు తెరను ఎనిమిది రెట్లు పెద్దది చేసి నాలుగు మూలలూ ఒక్కొక్కటే చూడండి.